ఖత్తాబ్: చెచెన్యా కొండల్లో చనిపోయిన అరబ్బు కమాండర్ గురించి అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ భద్రత పాఠాలు చెప్పడం నా పని. చెచెన్యా అంటే రష్యా దక్షిణాన, కాకసస్ కొండల్లో, విడిపోతామని పోరాడిన ముస్లిం ప్రాంతం. ఆ పాఠం మొదలుపెట్టగానే క్లాసులో ఎవరో ఒకరు, అక్కడ రష్యాతో పోరాడిన ఖత్తాబ్ పేరెత్తుతారు. భుజాల దాకా జుట్టు, గుబురు గడ్డం, మిలటరీ దుస్తులు, ఆ ఫొటో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అతని గురించి వినిపించే మాటల్లో ఎక్కువ భాగం రెండు చోట్ల పుట్టాయి. ఒకటి అతని సొంత కెమెరా. రెండోది అతన్ని వేటాడిన రష్యా. అతను ఉన్నదానికన్నా పెద్దగా కనిపించడం ఇద్దరికీ అవసరమే. అందుకే పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: అతను జోర్డాన్ దేశస్థుడు.

వాస్తవం: సౌదీ అరేబియా ఉత్తర సరిహద్దులోని అరార్ పట్టణంలో 1969లో పుట్టాడు. అసలు పేరు సామిర్ సాలెహ్ అల్ సువైలిం. ఖత్తాబ్ అన్నది రెండో ఖలీఫా ఉమర్ ఇబ్న్ అల్ ఖత్తాబ్ పేరు నుంచి తీసుకున్న మారుపేరు. బతికున్నంతకాలం అతని ఊరూపేరూ బయటివాళ్లకి సరిగ్గా తెలియలేదు. చనిపోయాక సౌదీలోని కుటుంబం మాట్లాడితేనే స్పష్టత వచ్చింది. అంతకుముందు రాసిన పాత వ్యాసాల్లో జోర్డాన్ అనే ఉంటుంది, చాలామంది ఇప్పటికీ అక్కడి నుంచే ఎత్తి రాస్తున్నారు.

అపోహ: చెచెన్యా యుద్ధాన్ని మొదలుపెట్టింది, నడిపించింది విదేశీ జిహాదీలే.

వాస్తవం: రష్యా సేనలు చెచెన్యాలోకి వచ్చింది 1994 డిసెంబరులో. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులోనే అఫ్గానిస్తాన్‌కి వెళ్లి, తర్వాత తజికిస్తాన్‌లో కూడా పోరాడిన ఖత్తాబ్ ఇక్కడికి చేరింది 1995లో. అప్పటికే చెచెన్యా రాజధాని గ్రోజ్నీ నేలమట్టమైపోయింది. విదేశీ యోధులు మొత్తం కలిపినా వందల్లోనే ఉండేవాళ్లు, పోరాడినవాళ్లలో అత్యధికులు చెచెన్లే. మరి ఇతనికి అంత పేరు ఎందుకొచ్చింది?

1996 ఏప్రిల్ 16. అర్గున్ నది లోయలో, యరిష్‌మర్దీ ఊరి దగ్గర రష్యా 245వ మోటార్ రైఫిల్ రెజిమెంట్ కాన్వాయ్ వెళ్తోంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క నది, మధ్యలో ఇరుకు దారి. ముందున్న బండిని, వెనకున్న బండిని మొదట కొట్టారు. మధ్యలో ఉన్నవాళ్లకి ముందుకీ వెనక్కీ దారి లేదు. 50 మందికి పైగా సైనికులు చనిపోయారు. యుద్ధవిద్య తెలిసినవాళ్లకి ఈ ఎత్తుగడ కొత్తేం కాదు. కొత్తది ఏంటంటే, ఆ దాడినంతా వీడియో తీయించడం. కాలిపోయిన బండ్ల పక్కన ఖత్తాబ్ నడుస్తూ కనిపిస్తాడు. ఆ క్యాసెట్లు గల్ఫ్ దాకా వెళ్లాయి, వాటి వెంట చందాలు, కుర్రాళ్లు వచ్చారు. తుపాకీకి ఎంత విలువ ఇచ్చాడో కెమెరాకీ అంతే ఇచ్చాడు. ఆ వీడియో క్లాసులో నేను ఎప్పుడూ వేయను. అందులో చనిపోయినవాళ్లు చాలామంది మా విద్యార్థుల వయసువాళ్లే.

అపోహ: యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నాడు.

వాస్తవం: కుడిచేతి వేళ్లు పోయాయి, నిజమే. శత్రువు గుండు తగిలి కాదు, నాటు గ్రెనేడ్ తన చేతిలోనే పేలింది.

అపోహ: కాకసస్ ముస్లింలందరూ అతన్ని నెత్తిన పెట్టుకున్నారు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే. ఎందుకంటే ఇది అక్కడి జనాన్ని చరిత్రలోంచి తుడిచేస్తుంది. చెచెన్యాలో, దాని పక్కనే రష్యాలో ఉన్న డాగెస్తాన్‌లో వందల ఏళ్లుగా ఉన్నది నక్ష్‌బందీ, ఖాదిరీ సూఫీ సంప్రదాయం. పీర్ల సమాధుల దగ్గర ప్రార్థనలు వాళ్లకి మామూలు. బయటి నుంచి వచ్చినవాళ్లు అది తప్పంటే చాలామందికి నచ్చలేదు. 1999 ఆగస్టులో చెచెన్ కమాండర్ షామిల్ బసాయెవ్, ఖత్తాబ్ కలిసి తమ మనుషులతో డాగెస్తాన్‌లోని బోట్లిఖ్ ప్రాంతంలోకి చొరబడ్డారు. జనం తమవైపు లేస్తారనుకున్నారు. జనం లేచారు, కానీ వీళ్ల మీదకి. కొండ ఊళ్ల మగవాళ్లు తుపాకులు పట్టుకుని రష్యా సేనల పక్కన నిలబడ్డారు. చెచెన్యా అధ్యక్షుడు మస్ఖదోవ్ కూడా ఆ చొరబాటును ఖండించాడు. అయినా, మొదటి యుద్ధం 1996లో ముగిశాక రష్యాతో మళ్లీ మొదలైన రెండో యుద్ధాన్ని ఆపలేకపోయాడు. మూల్యం చెల్లించింది మళ్లీ మామూలు చెచెన్లే.

అదే ఏడాది సెప్టెంబరులో బుయ్నాక్స్క్, మాస్కో, వోల్గోదొన్స్క్‌లలో అపార్ట్‌మెంట్లు పేల్చేశారు. సుమారు 300 మంది చనిపోయారు. చేయించింది ఖత్తాబే అని రష్యా దర్యాప్తు తేల్చింది, 2004లో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది. కానీ స్వతంత్ర దర్యాప్తు పూర్తిగా జరగనే లేదు, అనుమానాలు ఇంకా ఉన్నాయి. అందుకే పరీక్షలో ‘ఖత్తాబ్ చేయించాడు’ అని కాకుండా ‘రష్యా ఆరోపించింది’ అని రాయమంటాను.

అపోహ: అతను బిన్ లాడెన్ చెప్పుచేతల్లోని మనిషి.

వాస్తవం: ఇద్దరి ప్రపంచం ఒకటే, దారులు వేరు. ఖత్తాబ్ శత్రువు రష్యా. అతనికి సొంత డబ్బు, సొంత మనుషులు ఉండేవాళ్లు. ఈ తేడా పుస్తకాల చర్చ మాత్రమే అనుకోవద్దు. 2001 ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటాలో విమానం నడపడం నేర్చుకుంటున్న జకారియాస్ ముసావీ అనే వ్యక్తిని అరెస్టు చేశారు (సెప్టెంబరు 11 దాడుల కుట్ర కేసులో తర్వాత దోషిగా తేలింది ఇతనే). ఇతనికి ఖత్తాబ్‌తో సంబంధం ఉందని ఫ్రాన్స్ సమాచారం పంపింది. అతని ల్యాప్‌టాప్ తెరవడానికి ప్రత్యేక వారెంటు కావాలంటే, నిందితుడు విదేశీ ఉగ్రవాద సంస్థకు చెందినవాడని చూపించాలి. ఖత్తాబ్ ముఠా ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని ఎఫ్‌బీఐలో వాదనలు నడుస్తుండగానే సెప్టెంబరు 11 వచ్చేసింది. ఇంకో సంగతి. ఆ దాడులు చేసినవాళ్లలో జర్మనీలోని హాంబర్గ్‌లో ఉండి వచ్చిన కుర్రాళ్లు మొదట వెళ్దామనుకున్నది చెచెన్యాకే. అక్కడికి చేరడం కష్టం, ముందు అఫ్గానిస్తాన్ వెళ్లండని ఒకరు చెబితే అటు మళ్లారు.

అపోహ: యుద్ధరంగంలో పోరాడుతూ ప్రాణం వదిలాడు.

వాస్తవం: 2002 మార్చిలో ఒక ఉత్తరం అతన్ని చంపింది. కొండల్లో అతనికి ఉత్తరాలు మనిషి చేతే వచ్చేవి. నమ్మిన మనిషి తెచ్చిన కవరు విప్పాడు, కాగితానికి విషం పూసి ఉంది. చెచెన్ల వైపు నుంచి వచ్చిన కథనం ఇది. ప్రత్యేక ఆపరేషన్ అని రష్యా భద్రతా సంస్థ ఏప్రిల్‌లో ప్రకటించింది, శవం వీడియో టీవీలో చూపించింది. కెమెరాతో పేరు తెచ్చుకున్నవాడు చనిపోయాడనడానికి రుజువు కూడా ఒక వీడియోనే అయింది.

అపోహ: నాయకుణ్ని చంపేస్తే యుద్ధం ముగుస్తుంది.

వాస్తవం: అతని స్థానంలోకి అబూ అల్ వలీద్ అనే ఇంకో సౌదీ వచ్చాడు, అతనూ 2004లో హతమయ్యాడు. బసాయెవ్ 2006 దాకా బతికే ఉన్నాడు. 2002 అక్టోబరులో చెచెన్ తీవ్రవాదులు మాస్కో థియేటర్‌ని ముట్టడించి జనాన్ని బందీలుగా పట్టుకున్నారు. 2004 సెప్టెంబరు 1న, కొత్త విద్యా సంవత్సరం మొదటి రోజు, పూలు పట్టుకుని రష్యాలోని బెస్లాన్ ఊరి బడికి వచ్చిన పిల్లల్ని, తల్లుల్ని జిమ్ హాల్లో బంధించారు. చనిపోయిన 330 మందికి పైగా జనంలో సగం కంటే ఎక్కువ పిల్లలే. అప్పటికి ఖత్తాబ్ చనిపోయి రెండున్నరేళ్లు.