స్టేటస్ (అమెరికాలో చట్టబద్ధంగా ఉండే అనుమతి) లేనివాళ్లకు న్యూయార్క్ డ్రైవింగ్ లైసెన్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: వీసా గడువు దాటితే ఇక లైసెన్స్ ఊసెత్తకూడదు.

వాస్తవం: న్యూయార్క్‌లో 2019 డిసెంబరు 14 నుంచి గ్రీన్ లైట్ చట్టం అమల్లో ఉంది. పదహారేళ్లు నిండితే చాలు, స్టేటస్‌తో పని లేకుండా స్టాండర్డ్ లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు గడువు తీరి రెండేళ్లు కాకపోతే గుర్తింపు రుజువుగా అదీ పనికొస్తుంది. లైసెన్సులిచ్చే రాష్ట్ర వాహనాల శాఖ (డీఎంవీ) ఒక్కో గుర్తింపు పత్రానికి ఇన్ని పాయింట్లని ఇస్తుంది; పేరు రుజువులకు ఆరు పాయింట్లు రావాలి. పుట్టినతేదీకి, న్యూయార్క్ చిరునామాకు కూడా రుజువులుండాలి. రాతపరీక్షలో 20కి 14 రైటవ్వాలి. వాటిలో రోడ్డు గుర్తుల ప్రశ్నలు నాలుగు, కనీసం రెండు రైటవ్వడం తప్పనిసరి. 17 రైటైనా, తప్పిన మూడూ గుర్తులే అయితే ఫెయిలే! ఆ తర్వాత ఐదు గంటల క్లాసు, రోడ్ టెస్టు.

అపోహ: సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని సంతకం చేసేస్తే పనైపోతుంది.

వాస్తవం: మనవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చి క్యాంపస్‌లోనో ఓపీటీలోనో (చదువయ్యాక పనిచేసే అనుమతి) పనిచేసినవాళ్లకు, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకు ఆ నంబరు ఎప్పుడో వచ్చి ఉంటుంది. స్టేటస్ పోయినా నంబరు పోదు. నంబరు లేదని ప్రమాణం చేసే ఎన్ఎస్ఎస్-1ఏ అఫిడవిట్ ఆ నంబరు అసలు రానివాళ్ల కోసమే. ఉన్నవాళ్లు సంతకం చేస్తే అబద్ధపు ప్రమాణం అవుతుంది. నంబరు రాసేయండి.

అదే దరఖాస్తులో ఓటరు నమోదు భాగం కూడా ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. కౌంటర్లో అడిగినా వద్దనే చెప్పండి. పౌరుణ్నని ఒక్క టిక్కు పెడితే రేపు గ్రీన్ కార్డుకు జీవితాంతం అడ్డుపడొచ్చు, పౌరుల్ని పెళ్లాడినా సరే. తొందరలో ఫారం నింపి, చదవకుండా సంతకం పెట్టడం అంత ప్రమాదం.

అపోహ: డీఎంవీలో వివరాలిస్తే ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసు విభాగం) చేతిలో పెట్టినట్టే.

వాస్తవం: జడ్జి సంతకమున్న వారెంటో ఉత్తర్వో లేనిదే ఇమిగ్రేషన్ అధికారులకు రికార్డులు ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. వాళ్లు అడిగితే మూడు రోజుల్లోగా ఆ సంగతి మీకు తెలియజేయాలి. అలాగని లైసెన్స్ రక్షణ కవచం కాదు. తాగి నడిపి అరెస్టయితే వేలిముద్రలు ఎఫ్‌బీఐ ద్వారా ఇమిగ్రేషన్ చూసే హోమ్‌లాండ్ సెక్యూరిటీకి చేరతాయి.

అపోహ: ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: అది మీ ఇండియా లైసెన్స్‌కు అనువాదం మాత్రమే. న్యూయార్క్‌లో నివాసం ఏర్పరచుకుంటే 30 రోజుల్లో ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో డాలర్లు తీసుకుని అమ్మే ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ కార్డులు పోలీసు ఆపినప్పుడు దేనికీ పనికిరావు.