ఒక్క గోల్ వెనక ట్రయానోస్ డెల్లాస్

2004 జులై 1. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో యూరో కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. అప్పటికి నాలుగు మ్యాచ్‌లూ గెలిచి ఊపు మీదున్న చెక్ రిపబ్లిక్‌తో గ్రీస్ ఆడుతోంది. ఎక్స్‌ట్రా టైమ్ తొలి సగం ముగిసే క్షణంలో గ్రీస్ ఆటగాడు సియార్టాస్ కార్నర్ కిక్ కొట్టాడు. దాన్ని అతని సహచరుడు ట్రయానోస్ డెల్లాస్ తలతో నెట్‌లోకి పంపాడు. 1-0. ఆట అక్కడితో అయిపోయింది.

అలా ఆగిపోవడానికి కారణం సిల్వర్ గోల్ నిబంధన. అంతకుముందు గోల్డెన్ గోల్ ఉండేది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లే విజేత. 1996, 2000 యూరో ఫైనల్స్ అలాగే తేలాయి. ఒక్క గోల్‌తో ఆట అక్కడికక్కడే ముగిసిపోతుందన్న భయంతో జట్లు ముందుకు రావడం మానేస్తున్నాయన్న విమర్శ వచ్చింది. దాంతో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ మధ్యేమార్గం వెతికింది: గోల్ పడినా ఆ 15 నిమిషాల సగం పూర్తయ్యేదాకా ఆడాలి, అప్పటికి ఆధిక్యంలో ఉన్నవాళ్లు గెలిచినట్టు. డెల్లాస్ గోల్ సరిగ్గా ఆ సగం చివర్లో పడింది. చెక్ జట్టుకు తేరుకునే టైమే దొరకలేదు. ఆ టోర్నీ తర్వాత రెండు నిబంధనలనూ ఎత్తేశారు.

అందుకే డెల్లాస్ పేరు చెప్పగానే ఆ హెడరే గుర్తొస్తుంది. నా దృష్టిలో ఇది అతనికి అన్యాయం. అతను డిఫెండర్. జాతీయ జట్టుకు అతను కొట్టిన గోల్ అదొక్కటే. అసలు పని అంతా రెండో వైపు జరిగింది. కోచ్ ఒట్టో రెహాగెల్ అతన్ని డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబెట్టేవాడు. మిగతావాళ్లు ఒక్కో స్ట్రైకర్‌ను అంటిపెట్టుకుని ఉంటే, వాళ్లను దాటి వచ్చిన బంతి ఇతని బాధ్యత. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్, సెమీస్‌లో చెక్, ఫైనల్లో పోర్చుగల్... ఈ మూడింటికీ గ్రీస్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1994 ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌ల్లో పది గోల్స్ ఇచ్చి ఇంటికెళ్లిన దేశం అది!

థెస్సలోనికీలో పుట్టిన డెల్లాస్ అరిస్‌లో మొదలుపెట్టి, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యునైటెడ్‌కు, తర్వాత ఏథెన్స్‌లోని ఏఈకేకు, ఇటలీలో పెరూజియా, రోమాలకు ఆడాడు. 2005లో మళ్లీ ఏఈకే, ఆపై సైప్రస్‌లో అనోర్థోసిస్, చివరికి మళ్లీ ఏఈకేలోనే రిటైరయ్యాడు.

ఆ తర్వాతి కథే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఏఈకే అంటే కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వచ్చిన శరణార్థులు 1924లో పెట్టుకున్న క్లబ్. 2013 నాటికి అప్పుల్లో మునిగి, చరిత్రలో తొలిసారి టాప్ లీగ్ నుంచి పడిపోయే స్థితికి చేరింది. సీజన్ చివర్లో కోచ్ బాధ్యత డెల్లాస్‌కిచ్చారు. అతను ఆపలేకపోయాడు. పైగా క్లబ్ ఏకంగా మూడో డివిజన్ నుంచి కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. యూరో ఛాంపియన్ అయిన మనిషి ఆ చిన్న మైదానాలకూ జట్టుతోపాటు వెళ్లాడు. 2014లో ఒక మెట్టు, 2015లో ఇంకో మెట్టు ఎక్కించి ఏఈకేను టాప్ లీగ్‌కు తెచ్చాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఒలింపియాకోస్ చేతిలో 4-0తో ఓడాక పదవి వదిలేశాడు. ఆ సీజన్ ముగిసేసరికి ఏఈకే గ్రీక్ కప్ గెలిచింది, 2018లో లీగ్ టైటిల్ కూడా.