అలిగిన మాస్టార్లు, అడిగే నాన్నమ్మ

చిన్నీ,

మీ లెక్కల సారు నల్ల బ్యాడ్జీతో పాఠం చెప్పారని, ఎవరైనా పోయారేమోనని భయపడ్డానని రాశావు. ఎవరూ పోలేదమ్మా, ప్రభుత్వం మీద అలిగారు, అంతే.

ఇంట్లో నీకేదైనా కావాలంటే నాన్నని నేరుగా అడగవు కదా, ముందు నాన్నమ్మ చెవిలో వేస్తావు. నాన్న భోంచేసి తీరిగ్గా కూర్చున్నాక ఆవిడ మాట కదుపుతుంది. "చూద్దాంలే" అంటాడు నాన్న. రెండు రోజులు చూసి మూతి ముడుస్తావు, అప్పటికీ కాకపోతే అన్నం మానేస్తావు. ఉపాధ్యాయ సంఘాలదీ ఇదే వరస. మంత్రికీ ఎమ్మెల్యేలకీ వినతిపత్రాలు, తర్వాత బ్యాడ్జీలు, ఆపైన కలెక్టరేట్ ముందు ధర్నా. అన్నం మానడం కూడా ఉంది, రిలే నిరాహార దీక్షంటారు. వంతులవారీగా మానేస్తారు, ఈ ఉపాయం నీకు తట్టలేదు చూడు!

ఇక్కడ నాన్నమ్మంటే టీచర్ ఎమ్మెల్సీ. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసన మండలిలో దాదాపు పన్నెండో వంతు సభ్యులను టీచర్లే ఎన్నుకుంటారు. ఆంధ్రాలో 58 మందిలో 5, తెలంగాణలో 40 మందిలో 3. బదిలీల గురించి, ఒక్క టీచరుతో నడిచే బడుల గురించి ఈ ఎమ్మెల్సీలు సభలో లేచి మంత్రినే అడుగుతారు. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ నాన్నమ్మని ఇంట్లోంచే పంపేశారు, అంటే మండలినే రద్దు చేశారు, మళ్లీ 2007లో తెచ్చుకున్నారు. అన్నట్టు, ఈ ఓటు హైస్కూలు, ఆ పైస్థాయి టీచర్లకే. నీకు అ ఆలు దిద్దించిన ప్రాథమిక బడి టీచరమ్మకి లేదు. నాకైతే ఇది ఏనాడూ న్యాయంగా అనిపించలేదు.

మా చిన్నప్పుడు జనాభా లెక్కలొస్తే మా మాస్టారు కాగితాల సంచి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. మాకు పండగే, రేగుచెట్ల కిందే మకాం. పదమూడో ఎక్కం అక్కడే ఆగిపోయింది, ఇప్పటికీ తడుముకుంటాను. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ వచ్చాక జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తుల సాయం తప్ప వాళ్లకి చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదు. సంఘాలు ఆ సెక్షన్‌నే చూపించి, ఫోన్ యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనులు తీసేయమని అడుగుతుంటాయి.

వాళ్లు అడిగేవన్నీ పిల్లల కోసమే అనను. జీతాల కోసమూ అడుగుతారు, అందులో తప్పేం లేదు, ఇల్లు గడవాలిగా. కానీ దేన్ని ముందు రాశారో చూడాలి. వినతిపత్రం ఒకసారి చూపించమని సారునే అడుగు, కోప్పడరు. డిమాండ్లు వరసగా ఉంటాయి. మీ బడికి పనికొచ్చేది ఎన్నోదో చూసి నాకు రాయి.

మీ తాతయ్య