కాలి మీద పడని సరుకు

సేవ అంటే ఏమిటని అడిగితే ఆర్థికవేత్తలు ఓ పాత జోక్ చెబుతారు: కొనొచ్చు, అమ్మొచ్చు, కాలి మీద మాత్రం పడేసుకోలేం. చాలాకాలం సేవలను ఎగుమతి సరుకుగా చూడకపోవడానికీ అదే కారణం. రేవులో మూట విప్పి చూడొచ్చు. సలహాను ఎక్కడ ఆపి, ఏం విప్పుతారు?

1776లో స్కాట్లాండ్ ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ లాయర్లను, డాక్టర్లను, ఒపేరా గాయకులను, చివరికి రాజుగారిని కూడా ఒకే గాటన కట్టేశాడు. వీళ్ల పని చేస్తుండగానే ఆవిరైపోతుంది, వెనక ఏమీ మిగలదు కాబట్టి అది ఉత్పాదక శ్రమ కాదన్నాడు. ఓడ కిరాయిలు, బీమా ప్రీమియాలు అప్పటికే దేశాలు దాటుతున్నా, వాటిని 'కనిపించని' పద్దులంటూ పక్కన పెట్టేవాళ్లు. 'సేవల వాణిజ్యం' అన్న పేరు 1972లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ నియమించిన నిపుణుల బృందం నివేదికతో గానీ స్థిరపడలేదు.

పేరు కంటే తీగ ముందు వచ్చింది. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. కొద్ది వారాల్లోనే ఆ కేబుల్ పాడైపోయింది. 1956లో వేసిన టెలిఫోన్ కేబుల్ ఒకేసారి 36 కాల్స్ మోసింది. 1988 నాటి ఫైబర్ కేబుల్‌తో ఆ లెక్క పదుల వేలల్లోకి వెళ్లింది. చేసేవాడు, చేయించుకునేవాడు ఒకే గదిలో ఉండాలన్న షరతు అక్కడే సడలింది.

ఒప్పందం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. 1986లో ప్రపంచ వాణిజ్య నిబంధనలపై 'ఉరుగ్వే రౌండ్' అనే చర్చలు మొదలైనప్పుడు సేవలనూ వాటిలో చేర్చాలని అమెరికా పట్టుబట్టింది. సంపన్న దేశాల బ్యాంకులు, బీమా కంపెనీలు వచ్చి పడతాయని భారత్, బ్రెజిల్ అడ్డం తిరిగాయి. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. చివరికి సరుకుల చర్చలు ఒక దారిలో, సేవల చర్చలు ఇంకో దారిలో అని రాజీపడ్డారు. అలా పుట్టిన సేవల వాణిజ్య ఒప్పందం 'గాట్స్' 1995 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఆర్థిక వృద్ధికి సేవల వాణిజ్యంతో సంబంధం ఏమిటంటే, ప్రతి సరుకు లోపలా సేవలు దాగి ఉంటాయి. రవాణా ఆలస్యమైనా, అప్పు ఖరీదైనా, ఫోన్ బిల్లు మోతెక్కినా ఆ భారం ఫ్యాక్టరీ మీదే పడుతుంది. మామూలు లెక్కలో ప్రపంచ వాణిజ్యంలో సేవల వాటా సుమారు పావు వంతే. సరుకుల్లో కలిసిపోయిన సేవలనూ విడదీసి లెక్కిస్తే అది సగం దగ్గరికి వస్తుంది.

సేవ దేశం దాటడానికి గాట్స్ నాలుగు దారులను గుర్తిస్తుంది. ఓ ఆర్కిటెక్ట్ ప్లాన్‌ను విదేశీ క్లయింట్‌కు మెయిల్ చేయొచ్చు, క్లయింటే అతని దగ్గరికి రావచ్చు, అతను క్లయింట్ దేశంలో ఆఫీసు తెరవొచ్చు, లేదా తనే వెళ్లి పని చేసి రావచ్చు. దేశాలు అన్నిటికంటే తక్కువ తలుపులు తెరిచింది ఈ నాలుగోదానికే. ప్లాన్ క్షణంలో సముద్రం దాటుతుంది, గీసినవాడు వీసా క్యూలోనే ఉంటాడు.