నలుపు తీస్తే ఎరుపు, ఎరుపు తీస్తే బూడిద

శ్రీకాళహస్తి కలంకారీలో ముందు పడేది నల్లగీత. ఇనుప ముక్కలు, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తారు. పటిక పూసిన చోట తర్వాత ఎరుపు ఎక్కుతుంది. నల్లరంగు కుండ ఖాళీ అయిందనుకోండి, ఎర్రబొమ్మ మిగులుతుంది, గీత ఉండదు. కార్న్ స్నేక్ అనే పాముల్లో నలుపు లేని అమెల్ రకం అలాంటిదే.

ఈ పాము సొంత ఊరు అమెరికా ఆగ్నేయ ప్రాంతం. మన జెర్రిపోతు కుటుంబమే, విషం లేదు. (అలాగని చంద్రగిరి పొలాల్లో జెర్రిపోతును పట్టి పెంచుతామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) అడవి రకానికి నారింజ ఒంటి మీద ఎర్రమచ్చలు, ఒక్కో మచ్చకీ నల్లంచు, పొట్ట మీద చదరంగం గళ్లు.

1953లో నార్త్ కరోలినాలో దొరికిన నలుపులేని పాముతో రంగుల కోసం వీటిని పెంచడం ఊపందుకుంది. ఓసీఏ2 అనే జన్యువులో అనవసరపు డీఎన్‌ఏ ముక్క ఒకటి దూరడం వల్ల నల్లరంగు పదార్థమైన మెలనిన్ తయారీ ఆగిందని 2015లో తేలింది. కళ్లు కూడా ఎర్రబడతాయి. మనుషుల్లో పుట్టుకతోనే ఒంటికి రంగు లేకపోయే ఆల్బినిజంలో ఒక రకానికీ ఇదే జన్యువు కారణం. ఎరుపు పోయిన రకం అనెరీ: బూడిద, నలుపు. వయసు వచ్చేకొద్దీ దీని మెడ పక్కన పసుపు తేలుతుంది, అది తిండిలోని కెరోటినాయిడ్ల నుంచి వచ్చేది. రెండూ పోతే స్నో. పుట్టినప్పుడు అది గులాబీ ఛాయ తెలుపు.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అమెల్‌నూ అనెరీనీ జతకడితే స్నో రాదు. రెండూ అంతర్గత లక్షణాలు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే జన్యువు వస్తేనే పైకి కనిపించేవి, కాబట్టి పిల్లలన్నీ అడవి రంగే. ఆ పిల్లల్ని తమలో తాము కలిపితే లెక్క 9:3:3:1 (అడవి రంగు 9, అమెల్ 3, అనెరీ 3, స్నో 1). అంటే 16 గుడ్లకు స్నో ఒకటి, అదీ సగటున. 16 గుడ్లూ పొదిగినా ఒక్క స్నో కూడా రాకపోయే అవకాశం 100కి సుమారు 36. ఇంకో చిక్కు: మామూలుగా కనిపించే ఆ 9లో 8 ఏదో ఒక జన్యువును లోపల దాచుకునే ఉంటాయి. చూసి చెప్పడం కుదరదు. అందుకే పుస్తకంలో వంశం రాయని పెంపకందారు ‘హెట్’ (జన్యువును లోపల దాచుకున్నది) అని చెప్పి అమ్మితే నమ్మకూడదు.

నమూనా లెక్క వేరు. మోట్లీ అనే రకంలో మచ్చలు గొలుసుగా కలుస్తాయి, స్ట్రైప్‌లో నిలువు చారలవుతాయి, పొట్ట గళ్లు మాయమవుతాయి. ఏ రంగు మీదైనా ఈ నమూనా పడగలదు.

గుడ్లు 27 నుంచి 29 డిగ్రీల దగ్గర, తడి వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకులు), సుమారు 60 రోజులు. 32 దాటితే వెన్ను వంకరలు, చచ్చిన పిల్లలు. తిరుపతి మే నెల గదిలో చల్లబరిచే ఏర్పాటు లేనిదే ఇది జరిగే పని కాదు. గుడ్డును తీసేటప్పుడు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచాలి, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. తిరగేస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు.

అందం కోసం వెంటబడిన సన్‌కిస్డ్ అనే రకం వంశాల్లో స్టార్‌గేజర్ అనే జబ్బు కూడా బయటపడింది. పిల్ల తల మెలితిప్పి ఆకాశం చూస్తుంది, వెల్లకిలా పడి పాకుతుంది. ఇదీ అంతర్గత లక్షణమే. ఆ జన్యువును లోపల మోసుకుతిరిగే పాము ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఇప్పుడు కుబుసం ముక్కతో పరీక్ష చేయించవచ్చు.