ప్రొసీజర్ మారింది సరే, పాతది ఏమైంది?

డేటాబేస్ పని నేర్చుకుంటున్న పిల్లలకు,

జాయిన్లు వచ్చేశాయని, ప్రొసీజర్లు (డేటాబేస్‌లో పేరుతో దాచి పిలిచే చిన్న ప్రోగ్రాములు) రాయడం మొదలుపెట్టామని రాశారు. చాలా సంతోషం వేసింది. "గిట్ అనేది జావా, పైథాన్ వాళ్ల గొడవ కదా, మాకూ కావాలా?" అని అడిగారు. కావాలి. కోడ్‌లో ఏం మారిందో, ఎవరు ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే సాధనం గిట్. అది వాళ్లకంటే మీకే ఎక్కువ కావాలి.

జావా కోడ్ ఫైల్‌లో ఉంటుంది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్ల కాపీ ఉంటుంది. ఒరాకిల్ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మీరు రాసే ప్రొసీజర్ అలా కాదు, అది డేటాబేస్ లోపలే ఉంటుంది. "క్రియేట్ ఆర్ రీప్లేస్ ప్రొసీజర్" అని నడపగానే పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. యూజర్ సోర్స్ అనే వ్యూలో, అంటే డేటాబేస్ చూపించే పట్టికలో చూస్తే ఇప్పటి కోడ్ మాత్రమే కనిపిస్తుంది. చివరిసారి ఎప్పుడు మారిందో ఇంకో వ్యూ చెప్తుంది. అంతకుముందు ఏముందో, ఎందుకు మార్చారో ఆ రెండూ చెప్పవు.

ఒక కాలేజీ ఫీజుల డేటాబేస్ అనుకోండి. అందులో లేట్ ఫీజు లెక్కకట్టే ప్రొసీజర్ ఉంది. స్కాలర్‌షిప్ పిల్లలకు మినహాయింపు పెట్టాలని ఒకమ్మాయి పొద్దున దాన్ని తెరిచింది. గడువు ఆదివారం వస్తే సోమవారం దాకా ఆగాలని ఒకబ్బాయి కూడా అదే ప్రొసీజర్ తెరిచాడు. అబ్బాయి ముందు ముగించి, కంపైల్ చేసి (అంటే డేటాబేస్‌లోకి ఎక్కించి), టెస్ట్ చేసుకుని భోజనానికి వెళ్లాడు. మధ్యాహ్నం అమ్మాయి తనది కంపైల్ చేసింది. తను పొద్దున తెరిచిన కాపీలో ఆదివారం సంగతి లేదు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అబ్బాయి రాసిన లైన్లు మాత్రం లేవు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఎప్పుడో ఒక సోమవారం ఫీజు కౌంటర్ దగ్గర గొడవైనప్పుడు బయటపడుతుంది. ఇందులో ఇద్దరి తప్పూ లేదు. ఎవరు చివర కంపైల్ చేస్తే వాళ్లదే నిలిచే పద్ధతిలో వాళ్లు పనిచేస్తున్నారు, అంతే.

అదే ప్రొసీజర్ గిట్‌లో ఒక ఫైల్‌గా ఉంటే ఇద్దరూ వేర్వేరు బ్రాంచీల్లో, అంటే ఒకరికొకరు అడ్డురాని విడి దారుల్లో మార్చుకుంటారు. కలిపేటప్పుడు ఇద్దరూ వేర్వేరు చోట్ల మార్చి ఉంటే గిట్ రెండు మార్పులనూ ఉంచుతుంది. ఒకే లైన్ మీద ఇద్దరూ చెయ్యి పెట్టి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ అని ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. గొడవ లేకుండా కలిసినంత మాత్రాన లెక్క సరిగ్గా ఉందని కాదు, టెస్ట్ మళ్లీ చేయాలి.

దీనికి ఒక షరతు ఉంది. మార్పు ఎప్పుడూ ఫైల్‌లోనే చేయాలి, ఆ ఫైల్ నుంచే కంపైల్ చేయాలి. టూల్‌లో ప్రొసీజర్ పేరు మీద క్లిక్ చేసి అక్కడే దిద్దే అలవాటు వెంటనే మానేయండి. వీలైతే ఎవరి డెవలప్‌మెంట్ డేటాబేస్ వాళ్లకు ఉండాలి. బ్రాంచీలు రెండు, డేటాబేస్ ఒకటి అయితే పాత కథే. సాఫ్ట్‌వేర్‌ను విడి డబ్బాలో పెట్టి నడిపే డాకర్ వచ్చాక, సొంతంగా ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ఇక టేబుళ్లు. ఇక్కడ అందరూ తడబడతారు. ప్రొసీజర్‌ను తీసేసి కొత్తది పెట్టొచ్చు, టేబుల్‌ను అలా పెట్టలేం. అందులో డేటా ఉంటుంది, అది జనం కాపురం ఉంటున్న ఇల్లు లాంటిది. వాళ్లను లోపల ఉంచుతూనే గోడ జరపాలి. ఫోన్ నంబర్ కాలమ్‌ను నంబర్ టైపులో పెట్టారనుకోండి, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. దాన్ని అక్షరాల టైపుకి మార్చబోతే, డేటా ఉండగా ఒరాకిల్ ఒప్పుకోదు. కొత్త కాలమ్ చేర్చాలి, పాతదాంట్లోంచి నింపాలి, ప్రోగ్రాములను కొత్తదాని వైపు తిప్పాలి, ఆఖరున పాతది తీసేయాలి. డేటాబేస్‌లో చేసే ఈ అడుగులన్నీ వరుస నంబర్ ఉన్న మైగ్రేషన్ (డేటాబేస్‌ను మార్చే) ఫైళ్లుగా గిట్‌లో ఉండాలి.

వాటిని వరుసలో నడిపేందుకు ఫ్లైవే, లిక్విబేస్ లాంటి టూల్స్ ఉన్నాయి. ఏ ఫైల్ నడిచిందో డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో రాసుకుంటాయి, దాని చెక్‌సమ్‌తో (ఫైల్‌లోని రాతను బట్టి లెక్కకట్టే గుర్తుతో) సహా. నడిచిపోయిన ఫైల్‌ను తర్వాత మీరు దిద్దితే తేడా పట్టుకుని ఆపేస్తాయి. పాతదాంట్లో పొరపాటు ఉంటే దాన్ని ముట్టుకోకండి, తర్వాతి నంబర్‌తో ఇంకో ఫైల్ రాయండి. ఒక్కో ఫైల్‌లో ఒక్క మార్పే పెట్టండి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ ఆజ్ఞ నడవగానే డేటాబేస్‌లో ఆ మార్పు కమిట్ అయిపోతుంది, అంటే ఖాయమైపోతుంది (ఇది గిట్ కమిట్ కాదు). మూడు మార్పుల్లో రెండోది ఫెయిలైతే మొదటిది అలాగే ఉండిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఇలాంటి చాలా మార్పుల్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో (మొత్తం జరిగితే జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే కట్టలో) పెట్టి వెనక్కి తీసుకోవచ్చు.

గిట్ కాపాడేది కోడ్‌ని, డేటాని కాదు. కాలమ్ తీసేసి, గిట్‌లో ఆ కమిట్‌ని (నమోదైన మార్పుని) రివర్ట్ చేస్తే, అంటే వెనక్కి తిప్పితే, పోయిన ఫోన్ నంబర్లు తిరిగి రావు. వాటికి బ్యాకప్ ఉండాలి.

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రామ్ ఇలాంటి పనే చేసేది. లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాసింది 2005లో, లినక్స్ కెర్నల్ కోసం.

కమిట్ మెసేజ్‌లో "చేంజెస్" అని రాసి వదిలేయకండి. ఏం మారిందో గిట్ ఎలాగూ చూపిస్తుంది, ఎందుకో మీరే రాయాలి. "గడువు ఆదివారం వస్తే సోమవారం దాకా లేట్ ఫీజు లేదు" అని రాసి ఉంటే, రెండేళ్ల తర్వాత ఆ లైన్ తీసేయబోయే కొత్త కుర్రాడు ఆగి చూస్తాడు. డేటాబేస్ పాస్‌వర్డ్‌లు మాత్రం ఎప్పుడూ కమిట్ చేయకండి. తర్వాత తీసేసినా పాత కమిట్లలో ఉంటుంది. అలా జరిగితే ముందు పాస్‌వర్డ్ మార్చేయండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఖాళీ డేటాబేస్ ఒకటి పెట్టి, మీ గిట్‌లో ఉన్న ఫైళ్లతోనే మీ ప్రాజెక్ట్ మొత్తం మొదటి నుంచి కట్టి చూడండి. ఏ ఫైల్ దగ్గర ఆగిందో, అక్కడ ఏ ఎర్రర్ వచ్చిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య