వాగు నీటి పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: తేటగా పారే నీటిని మరిగిస్తే చాలు, పరీక్ష అక్కర్లేదు.

వాస్తవం: మరిగిస్తే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి గాని, రంగూ వాసనా లేని నైట్రేట్, ఆర్సెనిక్ వంటివి అలాగే మిగిలిపోతాయి, నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది కూడా.

అపోహ: ఒక సీసా నీళ్లు పంపితే అన్ని పరీక్షలూ అయిపోతాయి.

వాస్తవం: మా పనిలో ఫలితాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా ఆ నమూనాలో నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 కంటే దిగువకు తెస్తాము; అదే సీసాలో నైట్రేట్‌ను వెతికితే దొరికేది వాగులోది కాదు, మనం పోసినదే. శిలీంధ్రాల పరీక్షకు ఆమ్లం తగలని, స్టెరిలైజ్ చేసిన సీసా కావాలి. పురుగుమందుల అవశేషాలు చాలావరకు ప్లాస్టిక్‌కు అంటుకునే రకం కనుక వాటికి ముదురు గోధుమరంగు గాజు సీసా వాడతాము. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, సీసా మూతిని ఎగువకు తిప్పి పట్టాలన్న నియమాన్ని చాదస్తమనుకుని, పనిలో చేరిన కొత్తలో నేను ఎగువ నుంచి నడిచి వచ్చి అక్కడే నీళ్లు పట్టాను. రిపోర్టులో అంతంత ఇనుము కనిపించడానికి కారణం నా కాళ్ల కింద లేచిన బురదే.

అపోహ: రాళ్లను పట్టుకుని నీటిలో ఊగే బూడిదరంగు జడలు బూజే.

వాస్తవం: మురుగు బూజు అన్న పేరే ఉన్నా, అందులో ప్రధానంగా ఉండేది స్ఫీరోటిలస్ నాటన్స్ అనే బాక్టీరియా, అది కనిపించిందంటే ఎగువన ఎక్కడో సేంద్రియ వ్యర్థాలు కలుస్తున్నాయని అనుమానించాలి. అసలైన శిలీంధ్రాలు చాలావరకు నీటిలో నానే ఆకుల్లో పెరుగుతాయి. వాగు మలుపులో చేరిన నురగను ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే, నాలుగు చేతులు చాచినట్టుండే వాటి సిద్ధబీజాలు కనిపిస్తాయి. శిలీంధ్ర శాస్త్రవేత్త ఇంగోల్డ్ 1942లో వర్ణించిన ఈ శిలీంధ్రాలు ఆకులను కుళ్లబెట్టి వాగులోని పురుగులకు ఆహారంగా మారుస్తాయి కాబట్టి, రిపోర్టులో 'శిలీంధ్రాలు ఉన్నాయి' అన్న ఒక్క మాటతో నీరు కలుషితమైందని నేను ఎన్నడూ రాయను. ఏ జాతివి, ఎన్ని అన్నది చూడాలి.

అపోహ: నీటిలో మలం కలిసిందేమో సూచించే కోలిఫాం బాక్టీరియా లేదంటే శిలీంధ్రాలూ లేనట్టే.

వాస్తవం: రెంటికీ సంబంధం లేదు. కోలిఫాం పరీక్ష 35 డిగ్రీల వద్ద ఒకటి రెండు రోజుల్లో తేలుతుంది. శిలీంధ్రాల కోసం నీటిని 0.45 మైక్రాన్ల పొర గుండా వడపోసి, బాక్టీరియాను అణిచే క్లోరాంఫెనికాల్ కలిపిన పోషక మాధ్యమంపై ఆ పొరను పరచి, సుమారు 25 డిగ్రీల వద్ద అయిదు నుంచి ఏడు రోజులు వేచి చూడాలి.

అపోహ: నైట్రేట్ అంకె 50 లోపు ఉంటే భయం లేదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన లీటరుకు 50 మిల్లీగ్రాములు నైట్రేట్‌గా లెక్కించినది. కొన్ని ల్యాబ్‌లు నైట్రోజన్‌గా లెక్కించి ఇస్తాయి. ఆ లెక్కలో 15 అంటే నైట్రేట్‌గా 66 పైమాటే.